ముందు వరసలో తమ్ముడు

లోపలికి పంపడానికి ఇంకా గంట పడుతుందని వార్డు తలుపు దగ్గర స్టూలు వేసుక్కూర్చున్న ఆయా చెప్పింది. చెప్పి మళ్ళీ తన గోళ్ళు తాను చూసుకోవడంలో పడింది. గంట. షాపులో అయితే గంటంటే ఒక పోస్టరు, రెండు రకాల విజిటింగ్ కార్డులు, మధ్యలో ఒక టీ, ఎవడో పెన్‌డ్రైవ్ మర్చిపోయి రొప్పుతూ వెనక్కి రావడం. ఇక్కడ గంటంటే ఈ బెంచీ. బెంచీ మీద తను, పక్కన మరదలు, మరదలి ఒళ్ళో ఫోను, ఫోన్లో తమ్ముడు. తలుపు అవతల మంచం మీదా తమ్ముడే, తలకు కట్టుతో, ఎడమ కన్ను వాచి మూసుకుపోయి. అవతల ఉన్నవాడు అసలువాడు, ఒళ్ళో ఉన్నవాడు తను చేసినవాడు. ఈ సంగతి ఈ వరండాలో తనకొక్కదానికే తెలుసు. తెలిసీ నోరు మెదపకుండా కూర్చుంది, తేలు కుట్టిన దొంగలాగా. మరదలు ఆ బొమ్మను వేళ్ళతో పెద్దది చేస్తోంది, మళ్ళీ చిన్నది చేస్తోంది, మళ్ళీ పెద్దది. పెద్దది చేసినప్పుడల్లా తమ్ముడి నోరు ఇంత పెద్దగా తెరుచుకుంటోంది, పళ్ళు కనబడుతున్నాయి, పైకెత్తిన చేతిలో రాయి. వాడి వెనక పొగ, పొగలో గుంపు, గుంపు నెత్తిన పార్టీ ఆఫీసు బోర్డు. బోర్డు మీద అక్షరాలు ఎంత చక్కగా ఉన్నాయో! ఆ అక్షరాలు తనే కూర్చుని ఒక్కొక్కటే దిద్దింది.

"నిప్పు లేనిదే పొగ రాదంటున్నారు వదినా, కింద ఇంటివాళ్ళు," అంది మరదలు ఫోను మీంచి కళ్ళెత్తకుండా. అక్క "ఊ" అంది. ఊ అనడం ఎంత సులువు! పొద్దుట్నుంచీ ఊ అంటూనే ఉంది. పొగ కావాలంటే నిప్పెందుకమ్మా, ఏఐని ఇంకొంచెం పొగ పెట్టు అంటే పెడుతుంది, ఆ రోజుల్లో సామెత కట్టినవాడికి ఏం తెలుసు. ఈ మాట పైకి అనేస్తే సగం సంగతి బయటపడ్డట్టే. అనలేదు.

తమ్ముడు చీమను చూసి పక్కకు అడుగేసే రకం. నోట్లో నాలుక లేనివాడంటారు గానీ వాడికి నాలుక ఉంది, దాంతో లోకమంతటికీ "సరేనండీ" చెప్పేవాడు. ఇంటింటికీ తిరిగి నీళ్ళ ఫిల్టర్లు మార్చే పని. భుజాన నీలం సంచి, సంచిలో తెల్లటి గొట్టాలు, ఇంట్లోకి అడుగుపెట్టేముందు చెప్పులు విప్పి ఒకదాని పక్కన ఒకటి సర్దుకునేవాడు. మొన్న ఫిల్టరు మార్చడానికి వెళ్ళిన ఇంటాయన కూడా వాణ్ణి రానిచ్చాడట. వాడు వంటింట్లో కూర్చుని పాత గొట్టం విప్పుతుంటే ఇంటాయన గుమ్మంలో నిలబడి ఫోన్లో ఈ బొమ్మ చూశాడట, వాణ్ణి చూశాడట, మళ్ళీ ఫోను చూశాడట. చూసి, "కాస్త కూర్చో బాబూ, టీ తాగి వెళ్ళు" అన్నాడట. టీ పెట్టించాడు కూడా. వాడు తాగుతుండగా మనుషుల్ని పిలిపించాడు. మెట్ల కిందికి లాక్కెళ్ళి కొడుతూ ఎవరు పంపార్రా నిన్ను, ఏ పార్టీరా నీది అని అడిగారట. ఏ పార్టీ! వాడికున్న రాజకీయమంతా మధ్యాహ్నం ఎవరి మేడమెట్ల మీదో అన్నం తింటూ ఫోన్లో ఏఐని అడగడమే. ఎవరు నెగ్గుతారు, ఈ కొత్త చట్టం మంచిదా చెడ్డదా, వాళ్ళు చెప్పేది నిజమా వీళ్ళు చెప్పేది నిజమా. అది ఏం అడిగినా "ఈ విషయంలో రెండు వాదనలున్నాయి" అని మొదలుపెట్టేది. వాడికి ఆ మాట ఎంత నచ్చిందో! "చూశావా అక్కా, ఒక్కర్నీ తిట్టదు. ఇంత మర్యాదస్తుణ్ణి నేనెక్కడా చూళ్ళేదు" అనేవాడు. కూరలో ఉప్పెక్కువైందా అని పెళ్ళాం అడిగితే "రెండు వాదనలున్నాయి", వాన వస్తుందంటావా అంటే "రెండు వాదనలున్నాయి", చివరికి కూతురు కూడా నాన్నను రెండు వాదనలనే పిలవడం మొదలుపెట్టింది. మెట్ల కింద అంతమంది మధ్య, ఏ పార్టీరా అని అడిగినప్పుడు కూడా వాడు అదే అన్నాడేమో. అనే ఉంటాడు వెధవ. అక్కకు నవ్వొచ్చింది, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మరదలు చెయ్యి చాచి ఆమె వీపు నిమిరింది.

"ఏడవకండి. ప్రాణానికి భయం లేదన్నారుగా డాక్టరు." అవును, అన్నాడు. ప్రాణానికి భయం లేదు, తలకు తగిలిన దెబ్బ వల్ల దానికి ముందు నాలుగు రోజుల సంగతులు గుర్తుండకపోవచ్చు, మళ్ళీ రావచ్చు, రాకపోనూ వచ్చు. దీనికీ రెండు వాదనలే. పొద్దున పోలీసాయన వచ్చి మంచం పక్కన నిలబడి ఫోన్లో ఈ బొమ్మే చూపించి, ఇది నువ్వేనా అని అడిగితే వాడు చాలాసేపు చూసి "నాలాగే ఉందండీ, గుర్తులేదండీ" అన్నాడట. గుర్తులేదంటే పోలీసులకు ఎలా వినబడుతుందో ఎవరికి తెలియదు. పోలీసుల సంగతి అలా ఉంచు, వాడి పెళ్ళానికి ఎలా వినబడింది? మరదలికి పార్టీ అనే మాట వింటేనే ఒళ్ళు జలదరిస్తుంది. వాళ్ళ నాన్న ఏదో ఊరేగింపులో ముందు నడిచి వెన్ను విరగ్గొట్టుకుని ఏళ్ళ తరబడి మంచం మీదే ఉండి పోయాడు. ఆయన్ని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిప్పుతూనే ఈ పిల్ల పెద్దదైంది. తమ్ముణ్ణి మొదటిసారి కలిసినప్పుడు వాణ్ణి అడిగింది ఒక్కటే ప్రశ్న. "మీకు పార్టీలేమైనా ఉన్నాయా?" వాడు తడుముకుని, "నాకు ఫిల్టర్లున్నాయండీ" అన్నాడు. ఆ ఒక్క మాటకే ఒప్పుకున్నానని ఇప్పటికీ నవ్వుతూ చెప్పేది. మొన్నటిదాకా చెప్పేది.

"ఆఫీసు మీద రాళ్ళేసిన రోజు ఆయన ఆలస్యంగా వచ్చారు," అంటోంది మరదలు, గొంతులో ఏ ఎత్తుపల్లాలూ లేకుండా. "ఎవరింట్లోనో పైపు పగిలిందన్నారు. చొక్కా తడిసి ఉంది. నేను నమ్మాను వదినా. ఇప్పుడేమో ఇది. వెళ్ళినందుకు కాదు నా బాధ, వెళ్ళొచ్చి పైపు పగిలిందని చెప్పినందుకు. ఇదే నిజమైతే పిల్లను తీసుకుని మా అమ్మ దగ్గరికి పోతాను. మంచం పక్కన ఒకసారి బతికాను. రెండోసారి నా వల్ల కాదు." కాసేపాగి, "లోపలికెళ్ళాక మీ ముందే అడుగుతాను. గుర్తుందో లేదో, ఆ నోటితో వెళ్ళలేదు అని ఒక్క మాట అననివ్వండి, ఊరంతా ఏకమై చెప్పినా నేను వినను" అంది. పైపు నిజంగానే పగిలింది. అది అక్కకు తెలుసు, ఎందుకంటే వాడు ఆ రోజు ఇంటికెళ్ళే ముందు షాపు దగ్గర ఆగాడు, నీళ్ళోడుతూ గుమ్మంలోనే నిలబడి "ఆ ఇంటావిడ గొడుగు పట్టుకుని వంట చేస్తోందక్కా" అని నవ్వాడు. వాడు గుమ్మంలో నిలబడి నవ్వుతున్నప్పుడు లోపల కంప్యూటరు మీద వాడే రాయి విసురుతున్నాడు. ఆమె వాణ్ణి చూసింది, తెరను చూసింది, రెండు మొహాలనూ ఒక్క నిమిషంలోనే చూసింది. ఇద్దరూ ఒక్కడే అని తట్టలేదు. ఎలా తడుతుంది? వాడి కోపం ఆమె ఎన్నడూ చూడలేదు. కోపమొస్తే ఆ మొహం ఎలా ఉంటుందో కన్నతల్లికే తెలియదు. ఒక్క గుమాస్తాకు తెలిసింది.

గుమాస్తా అంటే ఏఐ. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది కాబట్టి షాపులో ఆ పేరు పెట్టారు, బొమ్మలన్నీ తనే చేయిస్తుంది కాబట్టి ఆమెకు బొమ్మలక్క అని పెట్టారు. షాపంతటికీ ఒకటే ఖాతా, ఒకటే చాట్ కిటికీ, యజమాని పొదుపు. పెళ్ళి కార్డులూ అందులోనే, చికెన్ కొట్టు బోర్డులూ అందులోనే, చనిపోయినవాళ్ళ ఫోటోలకు కోటు తొడగడమూ అందులోనే. వాడి పుట్టినరోజుకు సరదాగా వాడి ఫోటోలు నాలుగు ఎక్కించింది. "ఇతను మా తమ్ముడు. ఇకమీదట తమ్ముడు అంటే ఇతనే, గుర్తుపెట్టుకో" అని రాసింది. గుర్తుపెట్టుకుంటానని ఎంత వినయంగా చెప్పింది! తమ్ముడు గుర్రం మీద, తమ్ముడు సింహాసనం మీద, తమ్ముడు చంద్రుడి మీద నీలం సంచి తగిలించుకుని. ఆ చంద్రుడి బొమ్మను కూతురు తలుపుకు అంటించుకుంది. అంతే, ఆ తర్వాత ఎవరికి గుర్తుంది? మనుషులకు తమ్ముడంటే ఎంత చవక మాట. బస్సులో జరగమంటే తమ్ముడూ, చిల్లర లేదంటే తమ్ముడూ, పేరు తెలియని ప్రతివాడూ తమ్ముడే, నాయకుల వెనక జెండాలు మోసే గుంపంతా తమ్ముళ్ళే. లోకంలో ఆ మాటను నమ్మకంగా పట్టుకుని కూర్చున్నది గుమాస్తా ఒక్కటే. దానికి ఉన్నది ఒకడే తమ్ముడు.

అప్పుడొచ్చాడు రుమాలాయన. కాలరు మాయకుండా మెడ చుట్టూ తెల్ల రుమాలు చుట్టుకుంటాడు, పెద్ద నాయకుడి ప్రచారం పనులన్నీ చూసేది ఆయనే, షాపుకు సగం పని ఆయన వల్లే. కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుని, "మన ఆఫీసు మీద రాళ్ళేశారు కదమ్మా, పాడు, ఒక్క ఫోటో దొరకలేదు. ఎలా జరిగిందో అలాగే ఒకటి చేసిపెట్టు, జనానికి అర్థమవ్వాలి" అన్నాడు. ఆయన చెబుతుంటే ఈమె టైపు కొడుతూ పోయింది, వెనకా ముందూ చూసుకోకుండా. వెనక పొగ, గుంపు, బోర్డు. "ముందు వరసలో వాళ్ళ తమ్ముడు ఒకడు. చేతిలో రాయి. మొహం నిండా కోపం." తమ్ముడు అనే కొట్టింది, ఆయన నోటి మాట ఆయన నోటి మాటగానే. మొదట గుమాస్తా కుదరదంది, నిజంగా జరిగిన గొడవ మీద జనం తప్పుగా అనుకునే బొమ్మ చెయ్యలేనంది. దానికి షాపులో ఒక కిటుకు ఉంది, కింద ఒక్క ముక్క చేరుస్తారు: ఇది నాటకం పోస్టరు కోసం. చేర్చింది. చేసింది. ఎంత బాగా వచ్చిందని! రుమాలాయన "అబ్బ, కొట్టేట్టున్నాడు" అన్నాడు. ఆమెకు గర్వమేసింది, ఇప్పుడు తల్చుకుంటే సిగ్గు, కానీ వేసింది. ఇక తర్వాత వాళ్ళ షాపు పద్ధతి ఉంది కదా: వేళ్ళు లెక్కపెట్టు, అక్షరాలు చదువు, పంపించు. ఏఐ తప్పు చేస్తే ఆ రెండు చోట్లే చేస్తుందని యజమాని సిద్ధాంతం. వేళ్ళు లెక్కపెట్టింది, అయిదే ఉన్నాయి. బోర్డు మీద అక్షరాలు వంకరగా వస్తే తీసేసి తన చేత్తో కొత్తవి పేర్చింది, కాస్త మాసినట్టు మరక కూడా పెట్టింది. మొహం ఎవరు చూస్తారు. మొహాలు అది ఎప్పుడూ బాగానే చేస్తుంది.

"ఏఐని అడుగుతున్నా," అంది మరదలు. అక్క ఫోను వైపు వంగింది. "ఏమని?" "ఆ రోజు రాళ్ళేసింది ఎవరని." అడిగింది. చదివి వినిపించింది, మొగుడి గొంతు అనుకరించకుండానే అనుకరించినట్టుగా: "ఈ సంఘటనపై రెండు వాదనలున్నాయి." ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. "సరే, ఇదడుగుతా. ఈ ఫోటోలో ఉన్నది మా ఆయనేనా?" మొహం చూసి మనిషిని పోల్చడం తాను చెయ్యనంది. బుద్ధిగలది. "ఇంకొకటి అడుగుతా. ఈ ఫోటో నిజమా, చేసిందా?" ఈసారి జవాబు రావడానికి కాస్త టైం పట్టింది, ఆ కాస్తలో అక్క లోపల్లోపల మొక్కుకుంది, చెప్పెయ్, నువ్వు చెప్పెయ్, నేను చెప్పక్కర్లేకుండా చెప్పెయ్, నువ్వు చేసిందే కదా, నీ బిడ్డను నువ్వు గుర్తుపట్టలేవా! మరదలు చదువుతోంది. "ఖచ్చితంగా చెప్పలేను. అయితే ఏఐ చేసిన చిత్రాల్లో సాధారణంగా అక్షరాలు వంకరగా ఉంటాయి, వేళ్ళు సరిగా ఉండవు. ఈ చిత్రంలో వేళ్ళు సహజంగా ఉన్నాయి. బోర్డు మీద అక్షరాలు స్పష్టంగా, సరైన రీతిలో ఉన్నాయి." అక్కడ ఆగింది. "అక్షరాలు స్పష్టంగా ఉన్నాయట వదినా" అని, ఫోను బోర్లించి ఒళ్ళో పెట్టుకుంది. "చాలు. ఇంకేం అడుగుతాను." అక్క దిద్దకుండా వదిలేసి ఉంటే ఆ వంకర అక్షరాలే వాణ్ణి కాపాడేవేమో, తను లెక్కపెట్టిన వేళ్ళూ తను దిద్దిన అక్షరాలే వాడి మెడకు చుట్టుకున్నాయి. కళ్ళజోడు తీసి తుడుచుకుంది, తుడిచింది తుడుస్తూనే ఉంది.

చెప్పెయ్యి. ఎంత మాట? ఆ బొమ్మ నేను చేశాను. నాలుగు మాటలు. చెబితే మరదలు ఏం చేస్తుంది, కొట్టనీ, జుట్టు పట్టుకుని ఈ వరండాలో ఈడ్చనీ, సంసారం నిలబడుతుంది కదా. నోరు తెరిచేసరికి ఫోను మోగింది, యజమాని. లేచి కిటికీ దగ్గరకు వెళ్ళింది. "అమ్మా, తమ్ముడికెలా ఉంది?" అన్నాడు, పాపం మొదట అదే అడిగాడు. తర్వాత గొంతు తగ్గించి, "రుమాలాయన ఇక్కడే కూర్చున్నాడు. ఆ చాట్ కిటికీ మొత్తం తీసేశాం, ఏమీ మిగల్లేదు. నువ్వు చేశావని నువ్వన్నా ఎవరూ నమ్మరు, నమ్మితే ముందు జైలుకెళ్ళేది నువ్వే. వాడికి మంచి వకీలును పెడతానంటున్నాడు. నోరు విప్పకమ్మా" అన్నాడు. ఆమె "ఊ" అంది. కిటికీ కింద ఎవరో సైకిలు తుడుచుకుంటున్నారు, చక్రంలో ఒక్కొక్క ఊచా విడివిడిగా, ఏమంత పనిలేదు కాబోలు. తీసేశారంటే గుర్రం మీద తమ్ముడూ పోయాడు, సింహాసనం మీద తమ్ముడూ పోయాడు. తమ్ముడంటే ఎవరో ఇప్పుడు గుమాస్తాకు కూడా తెలియదు. జైలంటే భయమా? భయమే. అంతకన్నా భయం మరదలి మొహం. అన్నిటికన్నా భయం వాడి మొహం, వాడు కోప్పడడు, అదే భయం. వాడు "పోన్లే అక్కా, నీ తప్పేముంది" అంటాడు, ఆ కట్టు లోంచి, ఆ ఒంటి కన్నుతో. ఆ మాట పడేకన్నా జైలు నయం. అయినా సరే చెబుతాను. వాడి ముందే చెబుతాను, ఇద్దరికీ ఒకేసారి. వెనక్కి వచ్చి బెంచీ మీద కూర్చుని మాటలు సర్దుకుంది, బోర్డు మీద అక్షరాల్లాగా ఒకదాని పక్కన ఒకటి. ఆ బొమ్మ. నేను. చేశాను. తమ్ముడంటే నువ్వేనని దానికి నేనే చెప్పాను. ఇంకోసారి సర్దింది. ఈసారి వరస బాగానే ఉంది.

ఆయా లేచి తలుపు తీసింది. "ఇద్దరే. ఎక్కువ మాట్లాడించకండి." వార్డులో మందుల వాసన, ఎవరి మంచం మీదో రేడియో సన్నగా. వాడు మూడో మంచం మీద గోడవైపు తిరిగి ఉన్నాడు, చప్పుడు విని నెమ్మదిగా ఇటు తిరిగాడు. పెదవి చిట్లి ఉంది. మరదలు కాళ్ళ దగ్గర ఇనప కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది, దగ్గరకు రాలేదు, అడగాల్సింది అడగడానికి నోరు రావడం లేదు కాబోలు. అక్క మంచం పక్కకు వెళ్ళి వంగింది. ఆ బొమ్మ, నేను, అన్నీ నాలుక చివరే ఉన్నాయి. వాడు ఒంటి కన్నుతో ఆమెను చూశాడు. ఆ కంట్లో నొప్పి కాదు ఉన్నది, భయం, పొద్దున పోలీసాయన వెళ్ళిపోయినప్పట్నుంచీ ఒక్కడే పడుకుని మోసిన భయం.

"అక్కా," అన్నాడు, ఇంకెవరూ వినకూడదన్నట్టు. "ఆ రాయి ఎవరికైనా తగిలిందా?"

ఆమె నోట్లో మాటలన్నీ చెదిరిపోయాయి. వాడు బొమ్మను నమ్మాడు. గుర్తులేని నాలుగు రోజుల్లో ఆ బొమ్మనే పెట్టుకున్నాడు, పెట్టుకుని పొద్దుట్నుంచీ ఎవరి తలో పగిలిందని బాధపడుతున్నాడు. ఆ బాధ చూడలేకపోయింది. ముందు ఆ బాధ తీసెయ్యాలి, మిగతాది తర్వాత, ఒక్క క్షణం తర్వాత.

"లేదురా," అంది. "ఎవరికీ తగల్లేదు."

"అమ్మయ్య," అని ఆ ఒంటి కన్నూ మూసుకున్నాడు.

కమ్మీ మీద మరదలి చేతులు వదులయ్యాయి. "అయితే వెళ్ళారన్నమాట," అంది మొగుడితో. తర్వాత అక్క వైపు తిరిగి, అంతే నెమ్మదిగా, "మీకూ తెలుసన్నమాట" అంది.

అక్క నోరు తెరిచింది. అప్పటికే వాడు కట్టు కట్టిన చెయ్యి పెళ్ళాం వైపు చాపుతున్నాడు, అది అందనంత దూరంలో ఆమె నిలబడి ఉంది.

"ఇంకెప్పుడూ వెళ్ళనులే," అన్నాడు తమ్ముడు.